గ్రానైట్ ముక్క మీద ఫ్రింజ్‌లు (వెలుగు చీకటి పట్టీలు) రావట్లేదు, ఎర్ర చుక్కలే వస్తున్నాయి. అలైన్‌మెంట్ తప్పా, ఇంకేమైనానా?

ఓరుగల్లు_పోరడు:

అందరికీ నమస్తే. హనుమకొండలో ఎం.టెక్ చేస్తున్నా, మెకానికల్ బ్రాంచి. ప్రాజెక్టు ఏంటంటే కరీంనగర్ వైపు నుంచి తెచ్చిన గ్రానైట్ ముక్కల ముఖం ఎట్లా ఉందో, ఎక్కడ ఎత్తు ఎక్కడ పల్లం, తాకకుండా కాంతితో కొలవాలి. మూడు రకాల ముక్కలు ఉన్నాయి. ఒకటి కట్టర్ కోసి వదిలేసింది, ఒకటి లెదర్ ఫినిష్, ఇంకోటి మిర్రర్ పాలిష్. కొలవాల్సిన జాగా సుమారు రెండు సెంటీమీటర్ల చదరం, ఐదు పది మైక్రాన్ల తేడా పట్టుకుంటే చాలు.

ల్యాబ్‌లో ఉన్నవాటితో మైకెల్సన్ సెటప్ పెట్టాను, అంటే కాంతిని రెండుగా చీల్చి రెండు దారుల్లో పంపి మళ్లీ కలిపేది. హీలియం నియాన్ లేజర్ (632.8 నానోమీటర్లు), క్యూబ్ బీమ్ స్ప్లిటర్, రెండు అద్దాలు, లెన్స్ పెట్టిన మామూలు మోనోక్రోమ్ కెమెరా. రెండు వైపులా అద్దాలుంటే ఫ్రింజ్‌లు పుస్తకంలో బొమ్మలా వస్తాయి. ఒక అద్దం తీసి పాలిష్ ముక్క పెడితే వస్తాయి గానీ ముక్కలు ముక్కలుగా, ఒక గింజ మీద ఒకలా, పక్క గింజ మీదికి వెళ్లేసరికి జరిగిపోయి కనిపిస్తాయి. కోసి వదిలేసిన ముక్క పెడితే ఇంక ఏమీ లేదు, రాయి ముఖం నిండా ఎర్ర చుక్కలు మిలమిలమంటూ ఉంటాయి, అంతే. తల కొంచెం పక్కకు జరిపితే అవీ జరుగుతాయి.

మా గైడ్ సార్ అలైన్‌మెంట్ సరిగ్గా చేస్తే వస్తాయి అంటున్నారు. స్క్రూలు తిప్పీ తిప్పీ వేళ్లు నొప్పి పుడుతున్నాయి, రివ్యూ దగ్గరికొస్తోంది, మస్తు టెన్షన్‌గా ఉంది. ఆకుపచ్చ లేజర్ పెడితే బాగా వస్తుందా? లేక దీనికి లక్షల మెషీన్ కొనాల్సిందేనా? అది మాత్రం కుదరదు. ఫ్యాన్ వేస్తే చుక్కలన్నీ వణుకుతాయి, కాబట్టి ఉక్కపోతలో కూర్చుని ఇదంతా చేస్తున్నా, కొంచెం జాలి చూపండి.

కాజీపేట_కాంతి:

తమ్మీ, స్క్రూలు వదిలెయ్. దేవుడే వచ్చి అలైన్ చేసినా ఆ కోసిన ముఖం మీద ఫ్రింజ్‌లు రావు. ఇది నీ చేతి తప్పు కాదు.

ఫ్రింజ్ రావాలంటే బొమ్మలో ప్రతి బిందువుకీ ఒక కచ్చితమైన ఫేజ్ (తరంగం ఏ దశలో ఉందో అది) ఉండాలి, పక్క బిందువు ఫేజ్ దానికి దగ్గరగా ఉండాలి. నీ కెమెరాలో ఒక పిక్సెల్ రాయి మీద ఓ పది మైక్రాన్ల వెడల్పు మచ్చను చూస్తోంది అనుకో. కాంతి వెళ్లి తిరిగి వస్తుంది కాబట్టి ఎత్తులో తేడా దారిలో రెండింతలు అవుతుంది. అంటే ఆ మచ్చ లోపలే రాయి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు, నీ లేజర్‌కి 158 నానోమీటర్లు, ఎగుడుదిగుడుగా ఉంటే చాలు, అక్కడి నుంచి వచ్చే కిరణాల్లో కొన్ని ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం మొదలవుతుంది. కట్టర్ కోసిన ముఖం మైక్రాన్లలో ఎగుడుదిగుడు. ఇంక అన్ని ఫేజ్‌లూ కలగాపులగమై, మిగిలిన మొత్తం ఎంత వెలుగుతో ఏ ఫేజ్‌తో ఉంటుందో అదృష్టం. ఆ అదృష్టమే నువ్వు చూస్తున్న చుక్కలు, వాటినే స్పెకిల్ అంటారు. ఒక చుక్కకీ పక్క చుక్కకీ ఫేజ్‌లో చుట్టరికం లేదు, మరి పట్టీ ఎట్లా కలుస్తుంది?

ఆకుపచ్చ లేజర్ పెడితే ఇంకా చెడుతుంది. 532కి నాలుగో వంతు 133 నానోమీటర్లే. తరంగం పొడవు పెంచాలి, తగ్గించకూడదు. పెద్ద టెలిస్కోపు అద్దాలు ఇంకా నూరుడు దశలో, పాలిష్‌కి ముందు ఉన్నప్పుడు 10.6 మైక్రాన్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో పరీక్షించేది అందుకే, ఆ తరంగానికి గరుకు గాజు కూడా నున్నగానే కనిపిస్తుంది. కానీ దానికి ఇన్‌ఫ్రారెడ్ కెమెరా, జింక్ సెలెనైడ్ లెన్సులు కావాలి, మన బడ్జెట్ సంగతి తెలిసిందే. ఇంకో ఉపాయం కాంతిని బాగా ఏటవాలుగా పంపడం. నిలువు గీత నుంచి 80 డిగ్రీలు వాల్చితే ఒక్కో ఫ్రింజ్ 0.316 మైక్రాన్ల ఎత్తుకు బదులు సుమారు 1.8 మైక్రాన్లకు వస్తుంది. లెదర్ ఫినిష్‌లో నున్నటి చోట్ల పని చేయొచ్చేమో గానీ కోసిన దానికి చాలదు.

ఇప్పుడు అసలు సంగతి. చుక్క ఫేజ్ మనకు తెలియదు, నిజమే, కానీ అది స్థిరం. ఒక్క చుక్కనే చూస్తూ రిఫరెన్స్ అద్దాన్ని (రెండో దారిలో ఉన్నదాన్ని) మెల్లగా కదుపు, ఆ చుక్క వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. అంటే ఇంటర్‌ఫెరెన్స్ (రెండు కిరణాలు కలిసి పెరగడం, కొట్టేసుకోవడం) ఎక్కడికీ పోలేదు, ప్రతి చుక్కా తనకు తానే ఓ చిన్న ఇంటర్‌ఫెరోమీటర్. ఫేజ్ ఎంత అని అడగడం మానేసి, ఎక్కడ మినుకుమంటోంది అని మాత్రమే అడుగు. లేజర్‌తో ఈ ప్రశ్నకు జవాబు రాదు, ఎందుకంటే దాని కొహెరెన్స్ లెంగ్త్ (రెండు దారుల తేడా ఎంతవరకు ఉన్నా ఇంటర్‌ఫెరెన్స్ నిలుస్తుందో ఆ దూరం) సెంటీమీటర్లలో ఉంటుంది, రాయి ఎక్కడున్నా చుక్క మినుకుతూనే ఉంటుంది. లేజర్ తీసేసి ఎర్ర ఎల్‌ఈడీ పెట్టు. 630 దగ్గర 20 నానోమీటర్ల వెడల్పు ఉన్న ఎల్‌ఈడీకి కొహెరెన్స్ లెంగ్త్ సుమారు 20 మైక్రాన్లు, ఎత్తులో చూస్తే 10 మైక్రాన్ల కిటికీ. రెండు దారుల పొడవులు ఆ కిటికీలో కలిసినప్పుడే ఆ చుక్క మినుకుతుంది, మిగతా అప్పుడు ఊరికే వెలుగుతుంది. రాయిని స్టేజీ (కదిపే బల్ల) మీద పెట్టి ముందుకు జరుపుతూ పో. ఏ పిక్సెల్ ఏ స్థానంలో ఎక్కువ మినుకుతుందో రాసుకుంటే అదే నీ ఎత్తుల పటం.

ఇదేమీ నా సొంత తెలివి కాదు. 1992లో జర్మనీలో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు ‘కొహెరెన్స్ రాడార్’ అని పేరు పెట్టి గరుకు ముఖాల మీద చేసి చూపించారు. కంటి ఆసుపత్రిలో రెటీనా పొరలు చూసే ఓసీటీ కూడా ఈ కుటుంబమే, అది 1991లో బయటికి వచ్చింది. మీ గైడ్ సార్‌కి ఈ రెండు పేర్లు చెప్పు, అలైన్‌మెంట్ గొడవ అక్కడికక్కడే తీరుతుంది.

ఒక్కటి మాత్రం ముందే తెలుసుకో. ఈ పద్ధతిలో ఎత్తులో వచ్చే అనిశ్చితి నీ ఎల్‌ఈడీ వల్లో లెన్స్ వల్లో కాదు, ఆ పది మైక్రాన్ల మచ్చ లోపల రాయి ఎంత గరుకుగా ఉందో దాదాపు అంత. మచ్చలో 4 మైక్రాన్ల గరుకు ఉంటే కొలతలోనూ ఆ మోతాదులోనే చెదురు ఉంటుంది. లక్షల మెషీన్ కొన్నా ఇదే మాట. ఇంకో వైపు, దూరం పెరిగినా లెన్స్ ద్వారం చిన్నదైనా ఈ అనిశ్చితి పెరగదు. లేజర్ గీత వేసి పక్క నుంచి చూసే పద్ధతులకు ఈ సుఖం లేదు.

గ్రానైట్_మామ_కరీంనగర్:

నేను ల్యాబ్ మనిషిని కాదు, పాలిషింగ్ లైన్ నడుపుతా, తప్పుగా అనుకోకండి. ఇంత తతంగం దేనికి? చేతిలో పట్టేంత రఫ్‌నెస్ టెస్టర్ దొరుకుతుంది, డైమండ్ మొన గీసుకుంటూ పోతుంది, ఆర్‌ఏ (సగటు గరుకు) ఎంతో చెప్తుంది, నిమిషం పని. పాలిష్ సరుకుకైతే మెరుపు కొలిచే గ్లాస్ (gloss) మీటర్ 60 డిగ్రీల దగ్గర పెట్టి చూస్తాం. ఎగుమతి పార్టీ అడిగేది అదీ, పలక మందం, మూలమట్టం. పలక వంకర చూడాలంటే స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి కింద ఫీలర్ గేజ్ దూరుస్తాం. కాంతి, చుక్కలు, జర్మనీ... మా దగ్గర నీళ్లు, స్లర్రీ చిమ్ముతుంటాయి, అక్కడ ఇవి నిలుస్తాయా?

అయినా పిలగానికి పనికొచ్చే మాట ఒకటి చెప్తా. పాలిష్ ముక్క ఎక్కడి నుంచి తెచ్చావో అడుగు, దాని మీద రెసిన్ పెట్టారా లేదా అని. ఈ రోజుల్లో చాలా పలకలకు పాలిష్‌కి ముందు ఎపాక్సీ పోసి పగుళ్లు, సూది రంధ్రాలు నింపుతారు, తర్వాత దాని మీదే పాలిష్ పడుతుంది. పైకి అంతా రాయే కనిపిస్తుంది గానీ అక్కడక్కడ నువ్వు చూసేది రెసిన్. దీపం ఏటవాలుగా పెట్టి చూస్తే రెసిన్ నిండిన గీతలు వేరే మెరుపుతో తెలుస్తాయి.

అద్దాల_అక్క:

మామా, మీ టెస్టర్ మీద నాకు గౌరవమే. సరుకు పాసా ఫెయిలా తేల్చడానికి అది చాలు. కానీ అది చెప్పేది ఒక గీత వెంట సంగతి. అదీ కట్ ఆఫ్ (గరుకుని లెక్కించే ముక్క పొడవు) సరిగ్గా పెడితేనే, 0.8 మిల్లీమీటర్ల కట్ ఆఫ్‌తో కోసిన గ్రానైట్ గీస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. ఆర్‌ఏ రెండు మైక్రాన్లు దాటితే 2.5 మిల్లీమీటర్లు పెట్టాలి, అప్పుడు గీత పొడవే 12.5 మిల్లీమీటర్లు అవుతుంది. తమ్ముడికి కావాల్సింది రెండు సెంటీమీటర్ల చదరం మొత్తం, గింజ ఎక్కడ లేచింది, ఎక్కడ ఊడిపోయింది అని. గీతలు పక్కపక్కన గీసుకుంటూ పోతే ఒక్క ముక్కకే రోజు గడుస్తుంది. మీ లైన్ మీద నీళ్లలో ఇది నిలవదు, అది మాత్రం ఒప్పుకుంటా.

తమ్ముడూ, నేను హైదరాబాద్‌లో ఇదే కొలతల పని చేస్తాను, సొంతూరు నర్సంపేట. కాజీపేట అన్న చెప్పింది అంతా సరే గానీ ఆయన రాయిని లోహంలా చూస్తున్నారు, నీకు అసలు చిక్కు అక్కడ వస్తుంది. గ్రానైట్‌లో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ గింజలు కాంతిని లోపలికి రానిస్తాయి. పై ముఖం నుంచి తిరిగొచ్చే కాంతితో పాటు లోపల పగులు దగ్గర తిరిగిందీ, రెండు మూడు సార్లు చెదిరి వచ్చిందీ కెమెరాకి చేరతాయి. వాటి దారి ఎప్పుడూ పొడవే కాబట్టి ఆ గింజలు ఉన్నదానికంటే పల్లంగా కనిపిస్తాయి. క్వార్ట్జ్ వక్రీభవన గుణకం 1.54, అంటే ముఖానికి పది మైక్రాన్ల కింద ఉన్న పగులు నీ పటంలో పదిహేను మైక్రాన్ల గుంట. పక్కనే ఉన్న నల్ల గింజ కాంతిని లోపలికి పోనివ్వదు, దాని ఎత్తు సరిగ్గా వస్తుంది. పటం చూసి ‘నల్ల గింజలు పైకి లేచి ఉన్నాయి’ అని థీసిస్‌లో రాసేస్తావు, అది అబద్ధం. పాలిష్ ముక్క మీద నీ ఫ్రింజ్‌లు గింజ గింజకీ జరగడంలో కూడా కొంత వాటా దీనిదే. మామ చెప్పిన రెసిన్ ఉంటే ఇదే కథ ఇంకో రూపంలో వస్తుంది, పొర పైముఖం ఒకసారి మినుకుతుంది, దాని కింద రాయి ఇంకోసారి.

మందు ఏంటంటే, ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో వాక్యూమ్ కోటింగ్ యూనిట్ ఉంటే బతిమాలి ఒక చిన్న ముక్కకి అల్యూమినియమో బంగారమో వంద నానోమీటర్ల లోపు పూత వేయించు. అదే చోట పూతకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలువు. రెండు పటాల తేడాయే నీ థీసిస్‌లో అన్నిటికన్నా మంచి అధ్యాయం అవుతుంది. పగుళ్లు చూసే తెల్ల డెవలపర్ స్ప్రే మాత్రం కొట్టకు, నువ్వు పట్టుకోవాలనుకునే ఎత్తుల కన్నా ఆ పొడి పొరే మందంగా ఉండొచ్చు.

సెటప్ సంగతి కూడా చెప్తా, ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. చుక్క సైజు పిక్సెల్ కంటే పెద్దదిగా ఉండాలి, లేకపోతే ఒకే పిక్సెల్‌లో నాలుగైదు చుక్కలు కలిసి మినుకు చచ్చిపోతుంది. కెమెరా మీద చుక్క సైజు సుమారుగా తరంగదైర్ఘ్యం ఇంటూ ఎఫ్ నంబర్ (లెన్స్ ద్వారం ఎంత చిన్నదో చెప్పే అంకె) ఇంటూ, ఒకటికి మాగ్నిఫికేషన్ కలిపినంత. సగం సైజు బొమ్మకి ఎఫ్ 8 పెడితే 7.5 మైక్రాన్ల దగ్గర వస్తుంది, మామూలు కెమెరా పిక్సెల్‌కి సరిపోతుంది. ద్వారం మూస్తున్న కొద్దీ వెలుతురు తగ్గుతుంది, దానికి బలమైన ఎల్‌ఈడీయే దారి. ఆ ఎల్‌ఈడీ కూడా చిన్న రంధ్రం వెనక ఉండి లెన్స్‌తో సమాంతర కిరణాలుగా రావాలి, పెద్ద దీపంలా పరుచుకుంటే మళ్లీ మినుకు పోతుంది. రిఫరెన్స్ అద్దం రాయికన్నా చాలా ప్రకాశంగా ఉంటుంది, దాని ముందు వెలుగు తగ్గించే న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్ పెట్టు. ఆ ఫిల్టర్ గాజు ఎంత మందమో అంతే మందం మామూలు గాజు రాయి వైపు కూడా పెట్టు, మర్చిపోతే రంగు రంగుకీ దారి తేడా వచ్చి నీ పది మైక్రాన్ల కిటికీ సాగిపోతుంది.

ఇంకోటి, షోరూమ్ మెషీన్ల మోజు పెట్టుకోకు. వాటిలో మిరావ్ ఆబ్జెక్టివ్‌లు (ఇంటర్‌ఫెరోమీటర్ లోపలే ఇమిడిన లెన్సులు) ఉంటాయి, పదింతల దానికి ఎన్‌ఏ (ఎంత వెడల్పు కోణం నుంచి కాంతిని పట్టుకుంటుందో చెప్పే అంకె) 0.3, నున్నటి ముఖం 17 డిగ్రీలకు మించి వాలితే కాంతి తిరిగి లెన్స్‌లోకి రాదు, పైగా ఒకసారికి మిల్లీమీటర్ చదరం చూస్తే గొప్ప. రెండు సెంటీమీటర్లకు వందల బొమ్మలు కుట్టుకుంటూ కూర్చోవాలి. నీ గరుకు రాయి కాంతిని అన్ని వైపులా చల్లుతుంది కాబట్టి చిన్న ఎన్‌ఏ ఉన్న నీ లెన్స్‌కే బాగా వాలిన చోట్ల నుంచి కూడా ఎంతో కొంత చేరుతుంది.

ఓరుగల్లు_పోరడు:

అక్కా, అన్నా, మామా, చాలా థాంక్స్. మామ చెప్పినట్టు దీపం వాల్చి చూశా, పాలిష్ ముక్క మీద రెసిన్ గీతలు నిజంగానే ఉన్నాయి! సార్‌కి కొహెరెన్స్ రాడార్ గురించి చెప్తే మొదట ముఖం అదోలా పెట్టారు, తర్వాత ‘ఎల్‌ఈడీ పెట్టి చూద్దాం’ అన్నారు.

రెండు సందేహాలు. ఒకటి, ల్యాబ్‌లో 635 నానోమీటర్ల డయోడ్ లేజర్ కూడా ఉంది. రెండు తరంగాలు కలిపి కృత్రిమంగా పొడవైన తరంగం చేస్తారట కదా, అది తేలిక కాదా? రెండోది, కదిపే స్టేజీకి స్టెప్పర్ మోటార్ ఉంది, స్క్రూ అర మిల్లీమీటర్ పిచ్. ఒక స్టెప్‌కి 2.5 మైక్రాన్లు వస్తుంది. మినుకు పట్టుకోవాలంటే తరంగంలో ఎనిమిదో వంతు అడుగు వేయాలని చదివా, అంటే 80 నానోమీటర్లు. ఈ మోటార్‌తో ఎట్లా?

కాజీపేట_కాంతి:

మొదటిది ముందు. 632.8, 635 రెండూ కలిపితే వచ్చే కృత్రిమ తరంగం 182 మైక్రాన్ల పైచిలుకు, వినడానికి బ్రహ్మాండం. కానీ ఎర్ర డయోడ్ లేజర్ ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 0.2 నానోమీటర్లు జరుగుతుంది. 635 కాస్తా 635.2 అయితే నీ 182 వెళ్లి 167 మైక్రాన్ల దగ్గర పడుతుంది, అంటే కొలబద్దే ఎనిమిది శాతం కుంచించుకుపోయింది. మన ఓరుగల్లు ఎండాకాలంలో ఏసీ లేని ల్యాబ్‌లో డిగ్రీ మారడానికి తలుపు తెరిస్తే చాలు. డయోడ్‌కి టెంపరేచర్ కంట్రోల్ ఉంటే అప్పుడు ఆలోచిద్దాం.

రెండోదానికి మైక్రోస్టెప్పింగ్ (ఒక స్టెప్‌ని పదహారు ముక్కలు చేయడం) జోలికి పోకు, కాగితం మీద 156 నానోమీటర్లు అంటుంది గానీ స్క్రూ ఆ మాట వినదు. అసలు నీకు ఫేజ్ అక్కర్లేదు కదా, 80 నానోమీటర్ల అడుగులు ఎందుకు? మినుకు ఎంత అన్నది తెలిస్తే చాలు. రిఫరెన్స్ అద్దం బాగా చిన్నది తీసుకుని ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే పియెజో బజర్ బిళ్ల మీద అంటించు. కొన్ని వోల్టులు ఇస్తే అది మైక్రాన్‌లో కొంత భాగం ఊగుతుంది, మనకు కావాల్సింది అర తరంగం ఊపే. మోటార్ ఒక స్టెప్ వేశాక ఆగి, బజర్‌ని వేర్వేరు వోల్టేజీల్లో పెట్టి ఎనిమిదో పదో ఫ్రేములు తీసుకో. ఒక్కో పిక్సెల్‌కి ఆ ఫ్రేముల ప్రామాణిక విచలనం లెక్కేస్తే అదే మినుకు. మళ్లీ ఒక స్టెప్, మళ్లీ ఫ్రేములు. పది మైక్రాన్ల కిటికీలో 2.5 మైక్రాన్ల అడుగులు నాలుగు పడతాయి, ఆ నాలుగు బిందువుల మీద గాసియన్ గీత (గంట ఆకారపు వక్రం) అమర్చితే శిఖరం అడుగుకంటే సన్నగా దొరుకుతుంది. బిళ్ల ఎంత కదిలిందో కచ్చితంగా తెలియాల్సిన పని లేదు, ఫేజ్‌లు రకరకాలుగా పడితే చాలు.

ఫ్యాన్ సంగతి కూడా ఇందులోనే ఉంది. చిన్న వణుకు ఫేజ్‌ని కలిపేస్తుంది, మనం చేయాలనుకున్నదీ అదే. కాకపోతే ఒక్కో ఫ్రేము ఎక్స్‌పోజర్ వణుకు కన్నా పొట్టిగా ఉండాలి, ఒకటి రెండు మిల్లీసెకన్లు. ఎక్కువసేపు తెరిచి పెడితే మినుకు ఫ్రేము లోపలే అరిగిపోతుంది. నిమిషాల మీద మెల్లగా జరిగే డ్రిఫ్ట్ మాత్రం శత్రువే, బెంచీ మీద థర్మాకోల్ పెట్టె బోర్లించు.

ములుగు_రోడ్డు:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. రామప్ప గుడి నల్లరాతి స్తంభాల మీద ముఖం కనిపించేంత మెరుపు ఉంటుంది కదా, 1213 నాటి పని. ఇట్లాంటి సెటప్‌తో ఆ మెరుపు ఎంత నున్నగా ఉందో కొలవొచ్చా?

అద్దాల_అక్క:

ఆ స్తంభం దగ్గరికి ఇంటర్‌ఫెరోమీటర్ మోసుకెళ్లడం కన్నా స్తంభం ముఖాన్ని ల్యాబ్‌కి తేవడం తేలిక. దంత వైద్యులు వాడే సిలికాన్ ముద్దతో అచ్చు తీసి, ఆ అచ్చును కొలుస్తారు, ఎత్తు పల్లాలు తారుమారు చేస్తే సరిపోతుంది. పైగా రాయి లోపలికి కాంతి దూరే గొడవ కూడా తప్పుతుంది. ఆ స్తంభాలు డోలరైట్, గ్రానైట్ కన్నా గింజ చాలా సన్నం, మెరుపు పట్టడానికి అదొక కారణం. కానీ అది ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) రక్షణలో ఉన్న కట్టడం, 2021 నుంచి యునెస్కో జాబితాలో కూడా ఉంది, అనుమతి లేకుండా వేలు కూడా పెట్టకూడదు. సిలికాన్ నూనె రాతి సూక్ష్మ రంధ్రాల్లోకి దిగి మచ్చ పడొచ్చు, ముందు అదే రకం విడి రాయి మీద పరీక్షించి చూపిస్తే తప్ప ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

తమ్ముడూ, నువ్వు రాయి పెట్టే ముందు స్టేజీ కొలబద్ద నిజమా కాదా చూసుకో. మెట్రాలజీ ల్యాబ్‌లో స్లిప్ గేజ్ (కచ్చితమైన మందం ఉన్న దిమ్మెలు) పెట్టె ఉంటుంది, 1.05, 1.10 మిల్లీమీటర్ల గేజ్‌లు రెండూ ఒకే సమతల పలక మీద పక్కపక్కన నొక్కి జరుపుతూ అతుక్కునేలా పెట్టు, మధ్యలో మెట్టు 50 మైక్రాన్లు. నీ పటంలో ఆ మెట్టు 50 రాకుండా 47 వస్తే తప్పు స్క్రూదో మోటార్‌దో అని అర్థం, రాయిని అనకు.